ప్రసారం కాని ఎపిసోడ్: ఒక కామిక్ ప్రాజెక్టు డైరీ

1వ రోజు

చిన్నతనంలో నన్నూ మా అక్కనూ ఎన్నో సాయంత్రాలు కొట్లాటకు దించిన ప్రశ్న ఒకటి ఉంది. మాట్లాడే నల్ల కారూ, ఎర్ర చార ఉన్న నల్ల వ్యానూ ఇరుకు రోడ్డు మీద ఎదురుపడితే ఏది పక్కకు తప్పుకోవాలి? ఆ కారు తిరిగే ‘నైట్ రైడర్’ ధారావాహిక 1982 సెప్టెంబరులోనూ, ఆ వ్యాను తిరిగే ‘ది ఏ-టీమ్’ 1983 జనవరిలోనూ అమెరికా టెలివిజన్‌లో మొదలయ్యాయి. రెండింటినీ ప్రసారం చేసింది ఎన్‌బీసీ ఛానెలే. రెండింటిలోనూ కనిపించేవి దక్షిణ కాలిఫోర్నియాలోని ఆ బోడి కొండలూ, ఆ దుమ్ము రోడ్లే. అయినా ఆ రెండు బండ్లూ ఒక్కసారి కూడా ఎదురుపడలేదు. కాబట్టి ఆ ఎపిసోడ్‌ను నేనే తయారు చేయాలని ఈ రోజు కూర్చున్నాను. ఇరవై నాలుగు పేజీల కామిక్, పూర్తిగా తెలుగులో, నిబ్బుతోనూ కుంచెతోనూ గీసి, చేత్తో అక్షరాలు రాసి పూర్తి చేయాలి. పాత్రల హక్కులు వాటి సొంతదారులవి కాబట్టి ప్రతులు మూడే ఉంటాయి, అమ్మకం ఉండదు.

కథాకాలం 1985 చివరి నెలలు. ఆ రోజుల్లో ఏ-టీమ్, నైట్ రైడర్ రెండూ నడుస్తున్నాయి, ‘ఎయిర్‌వుల్ఫ్’ హెలికాప్టరు ఎగురుతోంది, ‘మెక్‌గైవర్’ అప్పుడే మొదలైంది. వీరిలో ఎవరిని పిలవాలి, ఎవరిని వదలాలి అన్నదే మొదటి తగవు. వ్యాను నలుగురు (హానిబల్, ఫేస్, బీ.ఏ., మర్డాక్), కిట్ అనే ఆ మాట్లాడే కారుతో మైకేల్ నైట్, వీళ్ళతో పాటు కోపం వస్తే హల్క్ అనే పచ్చ మనిషిగా మారిపోతూ, భుజాన సంచితో ఊరూరా తిరిగే డేవిడ్ బ్యానర్ ఉంటే చాలని తేల్చుకున్నాను. ‘ది ఇన్‌క్రెడిబుల్ హల్క్’ 1982లోనే ఆగిపోయి 1988లో గాని తిరిగి రాలేదు. మధ్యలో ఆ మనిషి ఎక్కడ తిరిగాడో ఎవరూ చెప్పలేదు కనుక ఆ ఖాళీలో ఒక వారం నేను అరువు తీసుకోవచ్చు. జేబులో ఎర్ర మడత కత్తితో తిరిగే మెక్‌గైవర్‌ను మాత్రం మనసొప్పకపోయినా వదిలేశాను. పాత సామానుతో పనికొచ్చే యంత్రం చేయడం వ్యాను నలుగురికీ వచ్చిన విద్యే, ఒకే పనికి ఇద్దరు నాయకులుంటే ఒకరు ఊరికే నిలబడి చూడవలసి వస్తుంది.

3వ రోజు

బొమ్మ మొదలుపెట్టే ముందు ఈ లోకాల నియమాలు కాగితం మీద పెట్టుకున్నాను, ఎందుకంటే మూడు ధారావాహికల లోకాలూ పైకి ఒకటిగా కనిపించినా లోపల ఒకటి కావు.

ఏ-టీమ్ లోకంలో తూటాలు వానలా కురుస్తాయి గాని దాదాపు ఎవరికీ తగలవు. జీపు గాలిలో పల్టీ కొట్టి తలకిందులుగా పడుతుంది, మరుక్షణం అందులోని దుండగులు మోచేతులు రుద్దుకుంటూ బయటికి పాకి వస్తారు. బీ.ఏ.కు విమానమంటే భయం కనుక ప్రతి విమాన ప్రయాణానికీ మిగతా వారు అతనికి మత్తు ఇవ్వవలసిందే. నైట్ రైడర్ లోకంలో కారుకు గీత పడదు, మైకేల్‌కు తుపాకీ మీద మోజు లేదు, సమస్య ఎంత పెద్దదైనా ఒక్క గెంతుతో దాటవచ్చు. హల్క్ లోకం వేరు. అక్కడ నవ్వు తక్కువ, దిగులు ఎక్కువ. రూపాంతరం సాధారణంగా ఎపిసోడ్‌కు రెండుసార్లు వస్తుంది, ఒకటి నడి మధ్యలో, ఒకటి చివర. పచ్చ మనిషి ఒక్క మాట కూడా మాట్లాడడు. కామిక్ పుస్తకాల్లో ముక్కలు ముక్కలుగా మాట్లాడే హల్క్ టెలివిజన్‌కు వచ్చేసరికి గర్జనతో సరిపెట్టుకున్నాడు, నా దృష్టిలో అదే అతనికి మేలు చేసింది.

ఈ మూడింటినీ కలిపితే అసలు చిక్కు బలాబలాలది కాదని, స్వరానిదని రాత్రికి గాని అర్థం కాలేదు. సిగార్ కొరికి నవ్వే ఏ-టీమ్ నాయకుడు హానిబల్ పక్కన, తన లోపలి మృగానికి తానే భయపడే బ్యానర్‌ను నిలబెడితే ఒకరు మరొకరిని వెక్కిరించినట్టు ఉండకూడదు. ఈ కామిక్ బతుకుతుందా లేదా అన్నది అక్కడే తేలుతుంది.

7వ రోజు

కథ రాయడానికి ముందు పాత కలయికలను నెమరు వేసుకున్నాను. కామిక్ పుస్తకాల్లో వేర్వేరు నాయకులు ఒకే బల్ల చుట్టూ కూర్చోవడం 1940 నాటి ‘ఆల్ స్టార్ కామిక్స్’ మూడో సంచికతో మొదలైంది. పోటీ సంస్థలైన డీసీ, మార్వెల్ 1976లో చేతులు కలిపి సూపర్‌మ్యాన్‌నూ స్పైడర్‌మ్యాన్‌నూ ఒకే పెద్ద సైజు పుస్తకంలోకి తెచ్చాయి. దాని వెల రెండు డాలర్లు. అందులో నాకు ఎప్పటికీ నచ్చే ఉపాయం ఒకటుంది. సాలీడు మనిషి ఎంత బలవంతుడైనా సూపర్‌మ్యాన్‌ను కొట్టి నిలవలేడు కదా, కాబట్టి విలన్ లూథర్ అతనికి తెలియకుండానే ఎర్ర సూర్యుడి కిరణశక్తిని అతని మీద ప్రసరింపజేస్తాడు. ఆ కాసేపూ దెబ్బలు నిజంగా తగులుతాయి. ఇద్దరు యజమానుల పరువునూ తక్కెడలో సమంగా తూచడానికి కథకుడు పడ్డ పాటు అది.

టెలివిజన్‌లోనూ ఇదే తంతు. 1967 మార్చిలో బ్యాట్‌మ్యాన్ ధారావాహికలోకి మరో ధారావాహిక నాయకుడు గ్రీన్ హార్నెట్, అతని సహచరుడు కాటో వచ్చారు. కాటోగా బ్రూస్ లీ నటించాడు. బ్యాట్‌మ్యాన్ సహచరుడు రాబిన్‌కూ కాటోకూ జరిగిన పోరాటం ఎవరూ గెలవకుండానే ముగిసింది. చూసినవారికి ఎవరు గెలిచేవారో తెలియక కాదు, గాని ఆ తెలియడాన్ని తెర మీద ఒప్పుకోకపోవడమే ఆ ఆట నియమం. 1988లో హల్క్ తిరిగి వచ్చిన టెలివిజన్ చిత్రంలో థోర్ కూడా మొదట ప్రయోగశాలలో అతనితో తలపడి, సామాను అంతా విరగ్గొట్టిన తర్వాతే స్నేహం చేశాడు. 1979 జనవరిలో ఎన్‌బీసీ ప్రసారం చేసిన రెండు సూపర్ హీరో ప్రత్యేక కార్యక్రమాలైతే వీడియో టేపు మీద తీసి, వెనుక నవ్వుల శబ్దం కలిపినవి. నాయకులందరినీ ఒకే గదిలో నింపినంత మాత్రాన కలయిక కాదనడానికి వాటిని మించిన పాఠం లేదు. అయినా ఇప్పుడు దొరికితే మళ్ళీ చూస్తానని కూడా ఒప్పుకోవాలి.

ఒక ఛానెల్ పాత్ర మరో ఛానెల్‌లోకి వెళ్ళదని అనుకుంటాం గాని, 1977–78లో అదీ జరిగింది. ‘ది బయోనిక్ వుమన్’ ఏబీసీని వదిలి ఎన్‌బీసీకి మారినప్పుడు, ‘ది సిక్స్ మిలియన్ డాలర్ మ్యాన్’ ఏబీసీలోనే ఉండిపోయింది. ఆ రెండింటి నాయకులకూ పై అధికారి అయిన ఆస్కర్ గోల్డ్‌మన్ పాత్రను మాత్రం రిచర్డ్ ఆండర్సన్ రెండు పోటీ ఛానెళ్ళలోనూ ఏకకాలంలో పోషించాడు. కాబట్టి సీబీఎస్ ఛానెల్ నుంచి బ్యానర్‌ను ఎన్‌బీసీ బండ్ల మధ్యకు తెచ్చే నా పని మరీ అపచారమేమీ కాదు.

తేల్చుకున్నదేమంటే, అపార్థం ఉండాలి, తలపడాలి, ఫలితం తేలకూడదు, తేలకపోవడానికి కారణం మాత్రం కథలోంచే పుట్టాలి.

12వ రోజు

స్క్రిప్టు పూర్తయింది. ఎడారి అంచున చిన్న ఊరు, నీటి బావిని కబ్జా చేసిన ఒక భూస్వామి, అతని కింద కూలికి చేరిన బ్యానర్. రైతులు చందాలు వేసుకుని ఏ-టీమ్‌ను పిలుస్తారు, మైకేల్ వేరే ఆచూకీ కోసం అదే ఊరికి వస్తాడు. అవతలి బండి భూస్వామి మనుషులదని ఇద్దరికీ తప్పుడు కబురు అందుతుంది. ఇంతకన్నా కొత్తదనం ఈ కథకు అక్కర్లేదు. ఆ రోజుల్లో వారం వారం ఇదే కథ ఊరి పేరు మార్చుకుని వచ్చేది, మేమూ వారం వారం నోరు తెరుచుకుని చూసేవాళ్ళం.

ఎక్కువ సమయం తిన్నది కథ కాదు, ప్రకటనల విరామాలు. గంట ఎపిసోడ్‌లో ప్రకటనలు తీసేస్తే సుమారు నలభై ఎనిమిది నిమిషాలు మిగులుతాయి, అంటే నాకు ఒక్కో పేజీకి రెండు నిమిషాలు. అప్పటి రచయితలు ప్రతి విరామానికీ ముందు ప్రేక్షకుణ్ణి ఒక అంచున వేలాడదీసేవారు. కాగితం మీద ఆ విరామానికి సాటి వచ్చేది పేజీ తిప్పడమే. మడిచి కుట్టిన పుస్తకంలో బేసి పేజీలు కుడి వైపు వస్తాయి కాబట్టి ఉత్కంఠ ఫ్రేమ్ ఎప్పుడూ బేసి పేజీ అడుగునే ఉండాలి. సరి పేజీ అడుగున పెడితే ఎదుటి పేజీలోని జవాబు ముందే కంట పడుతుంది. అందుకే నా విరామాలు 3, 9, 13, 19 పేజీల చివర పడ్డాయి. తొమ్మిదో పేజీ అడుగున రెండు బండ్లూ ముఖాముఖి నిలుస్తాయి, పదమూడో పేజీ అడుగున రెండింటి మధ్య ఒక పచ్చని పాదం దిగుతుంది. దీనికోసం ఒక పేజీ కథను కోసేశాను, బాధ అనిపించలేదు.

ప్రగతి: స్క్రిప్టు పూర్తి. పేజీల చిత్తుగా వేసుకునే చిట్టి బొమ్మలు 24కు 24.

16వ రోజు

ఈ రోజు నాలుగు పేజీలు చింపేశాను.

నాలుగు రోజులుగా పదకొండు అంగుళాల వెడల్పు, పదిహేడు అంగుళాల పొడవున్న బ్రిస్టల్ బోర్డు అనే మందపాటి కాగితం మీద పెన్సిల్‌తో చెమటోడ్చాను. మొదటి పేజీలో కొండ మీది నుంచి చూస్తే ఊరంతా కనిపించేలా నలభై ఇళ్ళు, రెండో పేజీలో పదిహేను జీపుల దండు, మూడో పేజీలో రెండు హెలికాప్టర్లు, నాలుగో పేజీలో కొండచరియనే పెళ్ళగించి విసిరే హల్క్. బొమ్మలు బాగానే కుదిరాయి, కాని పేజీలను గోడకు ఆనించి చూస్తే అందులో నేను వెతుకుతున్నదేదీ లేదు. ఆ సాయంత్రాల వాసన లేదు. ఏదో పెద్ద సినిమాకు వేసిన పోస్టరులా ఉంది, అంతే.

కారణం తెలియడానికి పూట పట్టింది. కాగితానికి బడ్జెట్ లేదు. పది జీపులు గీసినా, వంద జీపులు గీసినా ఖర్చయ్యే సిరాలో తేడా పిసరంతే. టెలివిజన్‌కు మాత్రం ప్రతి జీపుకూ లెక్క ఉంది, మనం ప్రేమించినదంతా ఆ లెక్కలోంచి పుట్టినదే. గంటకు అరవై మైళ్ళ వేగంతో పరుగెత్తే మనిషిని చూపించే దారి లేక ‘ది సిక్స్ మిలియన్ డాలర్ మ్యాన్’ నాయకుడు స్టీవ్ ఆస్టిన్‌ను నిదానంగా, స్లో మోషన్‌లో పరుగెత్తించారు. వేగాన్ని నెమ్మదితో చూపించడమనే ఆ విడ్డూరాన్ని ఒక లోహపు చప్పుడు నమ్మించింది, మేమంతా నమ్మి పెరట్లో అలాగే నెమ్మదిగా పరుగెత్తాం. బ్యానర్ మారేటప్పుడు ముందు కళ్ళు తెల్లబడతాయి, తర్వాత చొక్కా వీపు మీద కుట్టు తెగుతుంది, తర్వాత బూటు పగులుతుంది. మొత్తం మార్పును ఒకే షాట్‌లో చూపించే వీలు లేదు కనుకనే ముక్కలుగా చూపించారు, ఆ ముక్కలే గుండె దడను పెంచాయి. పచ్చ మనిషి అంటే రంగు పూసుకున్న లూ ఫెరిగ్నో అనే కండల వీరుడే కాబట్టి అతను కొండలు పెళ్ళగించలేదు, మనుషులను ఎత్తి ఖాళీ అట్టపెట్టెల కుప్ప మీదికి విసిరాడు. ‘ఎయిర్‌వుల్ఫ్’ చివరి సీజన్‌లో హెలికాప్టరే అందుబాటులో లేక పాత సీజన్ల గగన దృశ్యాలనే తిరిగి అతికించారు. అది మాత్రం చూడగానే తెలిసిపోయేది, దాన్ని నేను సమర్థించను.

కాబట్టి నా కామిక్‌కు నేనే పీనాసి నిర్మాతగా మారాను. ఇక మీదట నాకున్నవి మూడు స్థలాలు, అవి రోడ్డు, గిడ్డంగి, భోజనశాల. రెండు జీపులు, ఒక్క పేలుడు, ఆరుగురు దుండగులు. వాళ్ళే తలపాగా గుడ్డలు మార్చుకుని మళ్ళీ కనిపించాలి. కొండచరియ బదులు అట్టపెట్టెలు. హెలికాప్టరు చప్పుడు మాత్రమే వినిపిస్తుంది, బీ.ఏ. ముఖంలో భయం కనిపిస్తుంది, హెలికాప్టరు కనిపించదు.

ప్రగతి: పెన్సిల్ 24కు 0. ఇంత సంతోషంగా సున్నా రాయడం ఇదే మొదటిసారి.

22వ రోజు

పొదుపు నియమాల్లో నాకు అన్నింటికన్నా ఇష్టమైనది పాత షాట్‌ను మళ్ళీ వాడుకోవడం. కిట్ తన ‘టర్బో బూస్ట్’ గెంతుతో గాలిలోకి లేచే ఒక్క ఫ్రేమ్‌ను మూడు రోజులు కష్టపడి గీశాను. దాన్నే జిరాక్స్ తీసి 2, 12, 22 పేజీల్లో అతికిస్తాను. ఆ ధారావాహికలో గెంతించడానికి బరువు తగ్గించిన డొల్ల కార్లను వాడేవారు, అవి నేలకు తగలగానే తుక్కయ్యేవి. అందుకే గెంతు ఎప్పుడూ అందంగా ఉండేది, దిగడం మాత్రం రెప్పపాటులో కోసేసేవారు. నా ఫ్రేమ్‌లోనూ వెనుక చక్రాల దగ్గర దుమ్ము మేఘం ఒకటి దట్టంగా పెట్టాను, ర్యాంపు ఆ దుమ్ములోనే దాగి ఉందని చూసేవారికి అనుమానం రావాలి. దిగే ఫ్రేమ్ అసలు లేదు.

రెండోసారికి వైవిధ్యం కోసం ఫ్రేమ్‌ను అద్దంలోలా తిప్పి చూశాను. స్టీరింగ్ కుడి వైపుకు వచ్చింది, నంబరు ప్లేటు మీది అక్షరాలు వెనుక నుంచి ముందుకు నడిచాయి. ఆ తప్పు కూడా ముచ్చటగానే ఉంది గాని, 12వ పేజీలో కారు కుడి వైపుకు పోవాలి, లేకపోతే వ్యానుకు ఎదురు రాదు. తిప్పకుండానే అతికించాను.

27వ రోజు

దెబ్బల చప్పుళ్ళు. దీనికి ఒక రోజు కేటాయించాను, మూడు రోజులు పట్టింది, ప్రాజెక్టు మొత్తంలో ఇంత ఆనందం మరెక్కడా దొరకలేదు.

1966 బ్యాట్‌మ్యాన్‌లో పోరాటాల మధ్య తెర నిండా రంగురంగుల ధ్వని పదాలు పడేవి. కామిక్ పుస్తకం నుంచి టెలివిజన్‌కు వెళ్ళిన ఆ అలంకారాన్ని తిరిగి కాగితం మీదికి, అదీ తెలుగులోకి తెచ్చే పని ఇది. ఇంగ్లీషు పదాలనే తెలుగు లిపిలో రాస్తే చప్పుడు వినిపించదు. మన భాషకు ఈ విషయంలో ఎవరినీ అడుక్కోవలసిన పని లేదు. పిడికిలి తగిలితే ‘ఫెడీ’, చెంప మీదైతే ‘ఛెళ్’, మనిషి నేల మీద పడితే ‘దబ్’, బరువైన తలుపు కూలితే ‘ధడేల్’, డబ్బా పేలితే ‘ఢాం’. ఒత్తు అక్షరాల్లో బలం ఉంది. ‘డాం’ అంటే టపాకాయ, ‘ఢాం’ అంటే గిడ్డంగి. ఒక్క దెబ్బకు ఒక్క పదం, తుపాకీకి మాత్రం జంట పదం కావాలి కనుక ‘టపటప’, ‘ధడధడ’ అని ఫ్రేమ్ ఒక అంచు నుంచి మరో అంచుకు సాగదీశాను.

చప్పుడే లేని పనులకు కూడా తెలుగులో ఇలాంటి మాటలున్నాయన్నది రెండో రోజు తట్టింది. ‘చటుక్కున’, ‘గిర్రున’, ‘రివ్వున’, ‘గభాలున’ అన్నవి వినిపించేవి కావు, అయినా చెవిలో పడ్డట్టే ఉంటాయి. వాటి చివరి ‘ఉన’ను వదిలేసి ‘చటుక్’, ‘గిర్ర్’, ‘రివ్వ్’ అని ఫ్రేమ్‌లో పెద్ద అక్షరాలతో రాస్తే కదలికకే ధ్వని వచ్చింది. కిట్ ముక్కు మీద అటూ ఇటూ ఊగే ఎర్ర దీపానికి ఎన్నో ప్రయత్నించి చివరికి ‘ఝుమ్మ్… ఝుమ్మ్’ దగ్గర ఆగాను. ‘ఢిష్యుం’ను మాత్రం ఒక్కచోటే వాడాను. ఆ మాట తెలుగు పాఠకుణ్ణి తిన్నగా సినిమా హాలులోకి తీసుకుపోతుంది, ప్రతి దెబ్బకూ అక్కడికి తీసుకుపోతే కథకు తిరిగి రాడు. మర్డాక్ తన ఊహలోని శత్రువుతో ఒంటరిగా కుస్తీ పట్టే ఫ్రేమ్‌లో దాన్ని వాడితే అతికినట్టు సరిపోయింది.

లిపిది వేరే తిప్పలు. ఇంగ్లీషు కామిక్‌లో అన్నీ పెద్దబడి అక్షరాలే కనుక వరుసలు ఇటుకల్లా పేర్చవచ్చు. తెలుగులో పైన గుడులు, తలకట్లు, పొల్లు, కింద ఒత్తులు ఉండటం వల్ల పై వరుస ఒత్తు కింది వరుస గుడిని పొడుస్తుంది. వరుసల మధ్య ఎడం పెంచితే మాటల బెలూన్ ఉబ్బి బొమ్మను మింగుతుంది. చివరికి మాటలే తగ్గించాను. బెలూన్‌కు పన్నెండు మాటలకు మించి పెట్టనని నియమం పెట్టుకున్నాక సంభాషణ కూడా బాగుపడింది.

ప్రగతి: పెన్సిల్ 17, అక్షరాలు 9, సిరా 4.

34వ రోజు

ఎవరు ఎవరిని ‘మీరు’ అనాలి, ఎవరిని ‘నువ్వు’ అనాలి? ఇంగ్లీషులో ఈ బెడద లేదు. కిట్ మైకేల్‌ను ‘మీరు’ అంటుంది, మైకేల్ కిట్‌ను ‘నువ్వు’ అంటాడు. పేరు పెట్టి పిలుస్తూనే ‘మైకేల్, మీ వేగం ఆక్షేపణీయంగా ఉంది’ అనే కారుకు విలియం డేనియల్స్ గొంతులోని ఆ సున్నితమైన సణుగుడు తెలుగులోనూ వచ్చిందనుకుంటున్నాను. బీ.ఏ. ఎవరినైనా ‘నువ్వు’ అంటాడు, హానిబల్‌ను కూడా. ఫేస్ తన పని జరగవలసిన వారినే ‘మీరు’ అంటాడు, పని అయిపోగానే మానేస్తాడు. బ్యానర్ అందరినీ ‘మీరు’ అంటాడు, తనను కొట్టడానికి వచ్చిన వాణ్ణి కూడా. మూడో రోజు నన్ను భయపెట్టిన స్వరాల తగవు ఈ ఒక్క సర్వనామంతో సగం తీరింది. మొరటు మాటల గోల మధ్య అతని మర్యాదే అతని దిగులును పట్టిస్తోంది.

పథకం ఫలించినప్పుడు హానిబల్ పలికే ‘ఐ లవ్ ఇట్ వెన్ ఎ ప్లాన్ కమ్స్ టుగెదర్’ అనే ఆ పేరుపొందిన వాక్యాన్ని తెలుగు చేయడానికి పదకొండు సార్లు ప్రయత్నించి విరమించుకున్నాను. ఆ ఫ్రేమ్‌లో సిగార్ పొగ ఉంది, నవ్వు ఉంది, బెలూన్ ఖాళీ. చదివేవారే నింపుకుంటారు.

పదిహేడో పేజీలో దుండగులు వ్యాను నలుగురినీ గిడ్డంగిలో బంధించి, ఎందుకో వెల్డింగ్ సామానంతా అక్కడే వదిలి వెళ్తారు. ఎందుకని అడగడం మర్యాద కాదు. ఆ పనిబల్ల మూలన ఒక చిన్న ఎర్ర మడత కత్తి గీశాను. దాని యజమాని ఈ కథలో లేడు.

41వ రోజు

రంగులు. అప్పటి అమెరికన్ కామిక్‌లలో పసుపు, ఎరుపు, నీలం ఒక్కొక్కటీ సున్నా, పావు, సగం, పూర్తి పాళ్ళలో కలిపి అరవై నాలుగు కలయికలు సాధించేవారు. నేను ఆ పట్టికలోంచి పదకొండే తీసుకున్నాను. హల్క్ పచ్చను కుదర్చడానికే రెండు రోజులు పోయాయి, ఒక జిరాక్స్‌లో పాచిలా, మరో దాంట్లో అరటాకులా వచ్చింది. 1962లో మొదటి సంచికలో అతను బూడిద రంగువాడేనని, ముద్రణలో ఆ బూడిద నిలకడగా రాక రెండో సంచిక నుంచి పచ్చగా మార్చారని గుర్తు చేసుకుని ఓర్చుకున్నాను.

నల్ల కారు, నల్ల వ్యాను ఒకే ఫ్రేమ్‌లో ఉంటే రెండూ కలిసి ఒకే మచ్చ అవుతాయి. నల్ల జుట్టుకు నీలి మెరుపు ఇచ్చే పాత కామిక్ పద్ధతిలో కారుకు నీలం, వ్యానుకు ఎర్ర చార పక్కన బూడిద రంగు మెరుపు ఇచ్చాను. ఇంతకూ ఏది పక్కకు తప్పుకుందంటారా? రెండూ తప్పుకోలేదు. పచ్చ పాదం దిగింది, రెండూ బ్రేకు వేశాయి, వ్యాను బంపరుకూ కారు ముక్కుకూ మధ్య సరిగ్గా ఒక పాదమంత ఎడం మిగిలింది.

47వ రోజు

సిరా పూర్తయిన పేజీలు మా అక్కకు చూపించాను. బల్ల మీద పరిచి, కళ్ళజోడు పైకి నెట్టి, మొదటి నుంచి చివరి దాకా ఒక్క మాట మాట్లాడకుండా చదివి, ఇరవయ్యో పేజీకి తిరిగి వచ్చింది.

“ఒరే, ఈ జీపు బోల్తా పడింది కదా. ఇందులో వాళ్ళేరీ?”

“తర్వాత పేజీలో హల్క్ వస్తాడక్కా, కథ అటు పోయింది.”

“పోతే పోయిందిరా. వాళ్ళు బయటికి పాకి రావాలి కదా? తల దులుపుకోవాలి, ఒకడు టోపీ వెతుక్కోవాలి. లేకపోతే చచ్చారనుకుంటారు.”

మూడో రోజున నేనే రాసుకున్న మొదటి నియమం అది. నాలుగు పేజీలు చింపి, బడ్జెట్ కట్టుకుని, నలభై ఏడు రోజులు పని చేసి దాన్నే మరిచిపోయాను. ఇరవై ఒకటో పేజీ మొత్తం హల్క్‌కు ఇచ్చిన ఒకే పెద్ద బొమ్మ, పుస్తకంలో నేను గర్వపడే బొమ్మ కూడా అదే. దాని పైభాగాన మూడో వంతు కోసి, అక్కడ అడ్డంగా సన్నటి ఫ్రేమ్ అతికించి, తలకిందులైన జీపు నుంచి నలుగురు మనుషులు మోకాళ్ళ మీద బయటికి వస్తున్నట్టు గీశాను. ఒకడు టోపీ వెతుక్కుంటున్నాడు. హల్క్ తల కొంచెం తెగింది.

చివరి పేజీ గురించి ఇద్దరం గంట సేపు వాదించుకున్నాం. ప్రతి ఎపిసోడ్ చివరా బ్యానర్ రోడ్డు పక్కన ఒంటరిగా నడుస్తూ బొటనవేలు చాపి లిఫ్ట్ అడుగుతాడు, వెనుక పియానో వినిపిస్తుంది. మైకేల్ అతన్ని ఎక్కించుకుంటే ఆ ఒంటరితనం చెడుతుంది, ఎక్కించుకోకపోతే వాడు మైకేలే కాదు. మధ్యేమార్గంగా కిట్ తనంతట తానే తలుపు తెరుస్తుంది. బ్యానర్ నాలుగు దారుల కూడలి దాకా వెళ్ళి, కృతజ్ఞతలు చెప్పి దిగిపోతాడు. చివరి ఫ్రేమ్‌లో సంచి, వీపు, దూరంగా అటూ ఇటూ ఊగే ఒక ఎర్ర చుక్క మాత్రమే ఉన్నాయి. ‘ఝుమ్మ్’ కూడా రాయలేదు.

53వ రోజు

మూడు ప్రతులు అచ్చయ్యాయి. ఆరు కాగితాలు మడిస్తే ఇరవై నాలుగు పేజీలు, పైన అట్ట. మామూలు స్టేప్లర్ మడత దాకా చేరదు కాబట్టి సూదితో మూడు రంధ్రాలు పొడిచి దారంతో కుట్టాను. మొదటి ప్రతిలో కుట్టు కాస్త వంకర పోయింది, అది నాకు ఉంచుకుంటాను.

అచ్చులో ఒక లోపం వచ్చింది. ఇరవై ఒకటో పేజీలో కొత్తగా అతికించిన ఫ్రేమ్ మిగతా వాటికన్నా నల్లగా పడి, జీపు కిటికీలోంచి వస్తున్న నాలుగో మనిషి నీడలో కలిసిపోయాడు. చూస్తే ముగ్గురే కనిపిస్తున్నారు. సన్న కుంచెతో, తెల్ల రంగుతో మూడు ప్రతుల్లోనూ అతని నుదురు, ముక్కు, చాచిన చెయ్యి చేత్తో దిద్దాను. ఇప్పుడు నలుగురూ లెక్కకు వస్తున్నారు.